వాక్స్వాతంత్ర్యము - అధికార ప్రతీకారము

మాటలాడినందులకు ప్రభుత్వము పౌరుని దండింపరాదనుట అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణలోని సారము. కాని విమర్శించినందులకే నిన్ను బంధించుచున్నానని యే యధికారియు జెప్పడు. వేఱొక నేరమును వెదకి తెచ్చును. ఆ నెపము వెనుక నున్న పగను న్యాయస్థానమున నెవ్వరు, ఎట్లు రుజువు చేయవలెను? ఈ హక్కు విలువ యంతయు నీ ప్రశ్నమీద నాధారపడి యున్నది.

1977లో మౌంట్ హెల్తీ వ్యాజ్యెమునందు సుప్రీంకోర్టు న్యాయమైన కొలత నేర్పఱచెను. పాఠశాల సంగతి రేడియో స్టేషనుకు దెలిపిన యుపాధ్యాయుని కొలువు పొడిగింపబడలేదు. తన మాటయే యందులకు ప్రేరకమని వాది చూపినచో, అది లేకున్నను అదే నిర్ణయము చేసియుందుమని నిరూపించు భారము ప్రభుత్వముపై బడును. తన మనసు తనకే తెలిసినవానిపై భారముంచుట సమంజసము.

2019లో నీవ్స్ తీర్పు ఈ త్రాసును వంచెను. అరెస్టునకు దగిన యాధారమున్నచో ప్రతీకారపు దావా సాధారణముగా జెల్లదనెను. వీధిలో పోలీసువాడు క్షణములో నిశ్చయింపవలసి యుండుననుట చెప్పిన హేతువులలో నొకటి. ఆ హేతువును మేము త్రోసివేయము. కాని చట్టములు లెక్కకు మిక్కిలియైన దేశమున నెవరిపై నేదో యొక నేరము మోపుట కష్టమా? అందుచే నా తీర్పే యొక మినహాయింపు నిచ్చెను: అట్టి పని చేసియు విమర్శింపనివారిని బంధింపలేదని వాది నిష్పక్షపాతమైన సాక్ష్యముతో జూపవచ్చును.

టెక్సాసులోని క్యాజిల్ హిల్సు నగరసభ సభ్యురాలు సిల్వియా గొంజాలెజ్ నగర నిర్వాహకుని తొలగింపుమను విజ్ఞాపనకు దోడ్పడెను. ఆ కాగితములే తన ఫైలులో దొరకగా, ప్రభుత్వ పత్రము నపహరింప జూచెనని 2019లో, 72 ఏండ్ల వయసున, ఆమెను జైలునకు బంపిరి. పిదప నా యభియోగము కొట్టివేయబడెను. పదేండ్ల దస్తరములు వెదకి, ఆ కౌంటీలో ఆ చట్టము నిట్టి పనికై యెవ్వరిపైనను ప్రయోగింపలేదని యామె చూపెను. అప్పీలు కోర్టు అది చాలదనెను. అదే పని చేసి విడువబడిన మనుష్యుని జూపుమనెను. తాము కోరిన విజ్ఞాపననే దొంగిలించువా రెందఱుందురు? 2024 జూను 20న సుప్రీంకోర్టు ఆ కొలత మిక్కిలి యిఱుకైనదని చెప్పి వ్యాజ్యెమును దిరిగి పంపెను.

ఇది మెచ్చదగిన తీర్పే, గాని చాలదు. క్షణనిర్ణయములకై చెప్పిన నియమము, వారములకొలది విచారించి వారంటు తెచ్చిన యరెస్టునకును వర్తించునా? దీని కది యుత్తర మీయలేదు. వర్తింపరాదని మా మతము. తీరికగా యోచించిన యధికారి తన యోచనకు దానే జవాబు చెప్పవలెను. అచ్చట 1977 నాటి త్రాసే తగినది. ఒకరి యరెస్టు చూచి సంతకము మానుకొను పొరుగువారి లెక్క యే దస్తరమునను దొరకదు.