వరుస ఎవరి చేతిలో ఉంది? రోలప్‌లలో సీక్వెన్సర్ వికేంద్రీకరణ: ఒక విమర్శ

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల - మీరు ఏ సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లినా, దస్తావేజు దాఖలు చేసిన రోజు, గంట దానిపై రాయాలి. పుస్తకంలో వరుస నంబరు తప్పకూడదు. నమోదుకు నిరాకరిస్తే కారణం రాయాలి. జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకునే అవకాశమూ ఉంది. ఇవన్నీ 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోని నియమాలే. వరుస రాసేది ఒక్క అధికారే అయినా, ఆ వరుస ఆయన ఇష్టం కాదు.

ఇప్పుడు రోలప్‌లను చూద్దాం. ఇవి లావాదేవీలను ఇథీరియం బయట జరిపి, వాటి వివరాలను కట్టగా కట్టి ఇథీరియంలో నమోదు చేస్తాయి. ఏది ముందో, ఏది వెనకో నిర్ణయించే యంత్రాంగమే సీక్వెన్సర్. ఆర్బిట్రం, బేస్ వంటివి ఒకే సంస్థ నడిపే సీక్వెన్సర్‌తో మొదలయ్యాయి.

"ఇథీరియం భద్రతే రోలప్‌కూ వస్తుంది" అనే వాదన సగమే నిజం. తప్పుడు లెక్కను పట్టుకునే ఏర్పాటు ఉంది. అన్యాయమైన వరుసను పట్టుకునే ఏర్పాటు లేదు. బంగారం అంగడిలో పెద్ద బేరం రాబోతోందని తెలిసినవాడు తానే ముందు కొని, పెరిగిన ధరకు అమ్మినట్లే ఇక్కడా చేయవచ్చు. లెక్క మాత్రం సరిగానే ఉంటుంది.

2023 డిసెంబరు 15న ఆర్బిట్రం సీక్వెన్సర్ గంటకు పైగా నిలిచిపోయింది. 2024 జూన్ 2న వెలోకోర్‌పై హ్యాకింగ్ జరిగాక లీనియా నిర్వాహకులు తమ సీక్వెన్సర్‌ను తామే ఆపారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. అయితే మొత్తం నెట్‌వర్క్‌ను ఒక్క సంస్థ ఆపగలదని తేలింది. సీక్వెన్సర్ పట్టించుకోని లావాదేవీని ఆర్బిట్రంలో 24 గంటల తర్వాత ఇథీరియం ద్వారా చేర్పించవచ్చు. కానీ తాకట్టు సొత్తు గంటలోనే అమ్ముడైపోతే మర్నాడు వచ్చే హక్కు ఎవరికి ఉపయోగం?

దీనికి రెండు పరిష్కారాలు చెబుతున్నారు. ఒకటి, పలువురు సీక్వెన్సర్లు వంతులవారీగా పనిచేయడం. అయితే వంతు వచ్చినవాడికి ఆ కాసేపు పూర్తి పెత్తనమే. రెండు, వరుసను ఇథీరియం బ్లాకులు కట్టేవారికే వదలడం. ఇందులో ఒక్కరి పట్టు తగ్గుతుంది; వరుస మార్చి పొందే లాభం మాత్రం పోదు, చేతులు మారుతుంది. పైగా పలువురు ఒప్పుకోవాలంటే వేగమూ కొంత తగ్గుతుంది.

కాబట్టి యంత్రాల సంఖ్యను చూసి తృప్తిపడవద్దు. మూడు ప్రశ్నలు అడగండి: వరుసకు ముందే ప్రకటించిన నియమం ఉందా? దానిని బయటివారు సరిచూడగలరా? తిరస్కరణకు గురైనవారికి, నష్టం జరగకముందే మరో దారి ఉందా? ఈ ప్రశ్నలతో ఏదైనా ఒక రోలప్‌ను పరీక్షించి, సబ్‌రిజిస్ట్రార్ పుస్తకంతో పోల్చి రాయండి.