జొన్నరొట్టె: వేడినీళ్లు, అరచెయ్యి

సాయంత్రమైతే హైదరాబాద్ కాలనీల్లో రోడ్డు పక్కన పొయ్యిలు వెలుగుతాయి. ఒక పీట, ఒక పెనం, డబ్బాలో పిండి, గిన్నెలో నీళ్లు, ఆ నీళ్లలో ఓ గుడ్డముక్క. జొన్నరొట్టెలు చేసి అమ్మే ఆడవాళ్ల సరంజామా అంతే. కొనుక్కుపోయేవాళ్లలో చాలామందికి చపాతీ చేయడం బాగానే వచ్చు. జొన్నరొట్టె మాత్రం తమవల్ల కాదంటారు. పిండి ముద్దకట్టదు, అంచులు పగులుతాయి, పీట మీంచి ఎత్తబోతే రొట్టె రెండు ముక్కలవుతుంది. ఇలా ఒకటి రెండుసార్లు అయ్యాక ఆ పిండి డబ్బా అటక ఎక్కుతుంది. చపాతీ పిండి కలిపినట్టే జొన్నపిండినీ కలపడం వల్ల వచ్చే చిక్కు ఇది.

గోధుమపిండిని మామూలు నీళ్లతో పిసికితే అందులోని ప్రొటీన్లు ఒకదానికొకటి అల్లుకుని గ్లూటెన్ అనే సాగే జిగురు తయారవుతుంది. కర్రతో ఎటు ఒత్తితే అటు సాగేది అందుకే. జొన్నలో గ్లూటెన్ లేదు. జొన్నలో ఎక్కువగా ఉండే కాఫిరిన్ అనే ప్రొటీన్ నీళ్లు తగిలినా అలా అల్లుకోదు. కాబట్టి జిగురును పిండిపదార్థం నుంచే రాబట్టుకోవాలి. సుమారు 70 డిగ్రీల వేడి తగిలితే స్టార్చ్ రేణువులు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి, జావలా చిక్కబడి మిగతా పిండిని పట్టి ఉంచుతాయి. జొన్నరొట్టెకు ఎసరునీళ్లే కావాలని పెద్దవాళ్లు పట్టుబట్టేది ఇందుకే. స్టార్చ్ పేరు వినకుండానే తరతరాల ఆడవాళ్లు ఈ సంగతి చేతులతో కనిపెట్టి, కూతుళ్లకూ కోడళ్లకూ చేతులతోనే నేర్పారు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు గ్లాసు పిండితో చూసుకుంటే చాలు. గ్లాసుకు కాస్త తక్కువగా నీళ్లు కొలిచి, చిటికెడు ఉప్పు వేసి తెర్లనివ్వాలి. మంట ఆపి పిండి అంతా ఒకేసారి పోసి, గరిటె కాడతో కలిపి మూత పెట్టాలి. ఐదారు నిమిషాలకు చెయ్యి పట్టేంతగా చల్లారుతుంది. అప్పుడు అరచేతి కింది భాగంతో ముందుకు నెడుతూ, వెనక్కి లాగుతూ గట్టిగా మదాయించాలి. పొడిగా అనిపిస్తే గోరువెచ్చటి నీళ్లు చిలకరించుకోవచ్చు. ముద్ద నున్నగా వచ్చి, వేలితో నొక్కినచోట పగుళ్లు లేకపోతే సరిపోయినట్టు. ఇక్కడ బద్ధకిస్తే తర్వాత ఏ నైపుణ్యమూ ఆదుకోదు. ఇంకో సంగతి: ముద్దలన్నీ ఒకేసారి చేసి వరసగా పెట్టుకోకూడదు. ఏ రొట్టెకు ఆ రొట్టె పిండి తీసుకుని, మరోసారి పిసికి, వెంటనే కొట్టాలి.

నీళ్లు ఎంత ముఖ్యమో పిండి తాజాదనమూ అంతే ముఖ్యం. జొన్నగింజ మొలక భాగంలో నూనె ఉంటుంది. ఆడించిన పిండి నిలవుండేకొద్దీ ఆ నూనె చెడి చేదెక్కుతుంది, పిండీ విరగడం మొదలుపెడుతుంది. అంగడి ప్యాకెట్‌తో రొట్టె రాలేదని నిరాశపడ్డవాళ్లు ఒక్కసారి జొన్నలు కొని, గిర్నీలో మెత్తగా ఆడించి, ఆ వారంలోనే వాడి చూడాలి. తేడా మొదటి ముద్దలోనే తెలిసిపోతుంది.

ఇక కొట్టడం. పీట మీద పొడిపిండి చల్లి, ముద్దను బిళ్లలా చేసి పెట్టాలి. కుడి అరచేత్తో అంచుల వైపు తడుతూంటే, ఆ దెబ్బకే రొట్టె మెల్లగా చుట్టూ తిరగాలి. తిరగడం ఆగిందంటే అడుగున పిండి తక్కువైనట్టు. ఎడమచెయ్యి అంచును కాస్తుంటుంది. పగులు కనబడగానే వేళ్లతో దగ్గరికి నొక్కేస్తుంది. చెయ్యి తిరిగినవాళ్లు పీట లేకుండా రెండు అరచేతుల మధ్యే రొట్టెను పెంచేస్తారు. అది చూసి కొత్తవాళ్లు బెదరనక్కర్లేదు. పూరీ అంత రొట్టెతో మొదలుపెట్టి, చెయ్యి కుదిరేకొద్దీ పెంచుకుంటూ పోవచ్చు. తడిగుడ్డ మీదో ప్లాస్టిక్ కవరు మీదో తట్టి పెనం మీదికి బోర్లించే పద్ధతీ ఉంది. మొదట్లో అదీ మంచిదే.

కాల్చేటప్పుడు పొడిపిండి అంటుకున్న వైపు పైకి రావాలి. కాలిన పెనం మీద వేయగానే ఆ వైపంతా తడిగుడ్డతో నీళ్లు అద్దాలి. అంటుకున్న పొడిపిండి మాడకుండా, పైపొర ఎండి పగలకుండా చూసేది ఆ తడే. నీళ్లు ఆరీ ఆరకముందే తిప్పాలి. రెండో వైపు మచ్చలు పడ్డాక నిప్పుల మీదో మంట మీదో చూపిస్తే లోపలి ఆవిరి పొరల్ని విడదీస్తుంది, రొట్టె పొంగుతుంది. పొంగకపోయినా రుచికి లోటుండదు.

రొట్టె పగలకుండా ఉండటానికి గోధుమపిండి కలపమని కొందరు సలహా ఇస్తారు. అలా చేస్తే పని సులువవుతుంది, జొన్న రుచి తగ్గుతుంది. గ్లూటెన్ పడనివాళ్లకు ఆ రొట్టె పనికే రాదు. వేడినీళ్లు చేసిపెట్టే పనికి గోధుమను పిలవాల్సిన అవసరం లేదు.

జొన్న పుట్టిల్లు ఈశాన్య ఆఫ్రికా, సూడాన్ వైపు. వేల ఏళ్ల కిందటే మన దేశానికి చేరి దక్కన్ నల్లరేగళ్లలో స్థిరపడింది. వానలు వెనకబట్టాక విత్తే రబీ జొన్న, నేలలో మిగిలిన చెమ్మతోనే పండుతుంది. గింజ మనుషులకు, చొప్ప పశువులకు. రొట్టెకు పేరుపడ్డ మాల్దండి రకమూ, నంద్యాల పరిశోధన కేంద్రం తెచ్చిన నంద్యాల తెల్ల జొన్నలూ ఈ రబీ పంటలే. వానాకాలం పంట కోతవేళ తడిస్తే గింజకు బూజు పట్టి నల్లబడుతుంది. ఆ పిండితో రొట్టె రంగూ రుచీ రెండూ పోతాయి. తెల్లజొన్నే కాక పచ్చజొన్న రుచి మరిగినవాళ్లూ తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఇంకా ఉన్నారు.

ఇంత పాత తిండి రెండు మూడు తరాల్లోనే వెనక్కి పోయింది. నీటివసతి పెరిగి వరి విస్తరించింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక పేదింటి పొయ్యి మీదికీ రోజూ అన్నమే ఎక్కింది. ఆ బియ్యం ఎన్నో ఇళ్లలో ఆకలి తీర్చింది, దాన్ని తప్పుపట్టలేం. కానీ రొట్టె కొట్టే చేతులు తగ్గాయి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. పట్నాల్లో పీచుపదార్థం కోసమో డాక్టరు చెప్పాడనో మళ్లీ జొన్న కొంటున్నారు. గింజ తిరిగొచ్చింది, విద్యే ఇంకా ఇంటింటికీ చేరాలి.

వేడిరొట్టెకు రాయలసీమలో చెనిక్కాయల పొడి, గుత్తివంకాయ. తెలంగాణలో పుంటికూర, ఎల్లిపాయ కారం, ఆదివారమైతే మాంసం కూర. మిగిలిన రొట్టెను సన్నసెగ మీద కరకరలాడేదాకా ఆరబెడితే రోజుల తరబడి నిలవుంటుంది. కర్ణాటక సరిహద్దు జిల్లాల్లో ప్రయాణాలకు కట్టుకెళ్లేది అదే. జొన్నతో చెయ్యి కుదిరాక సజ్జకు పోవచ్చు. ఎసరునీళ్ల పద్ధతి దానికీ అదే. అయితే సజ్జలో నూనె ఇంకా ఎక్కువ, పిండి త్వరగా చేదెక్కుతుంది. నాలుగు రోజులకు సరిపడా ఆడించుకుంటే చాలు.