రొట్టె పులుసులు – చిక్కదనపు విలువ

కావ్యమున వ్యర్థపదము దోషమైనట్లే వంటలో వ్యర్థద్రవ్యమును దోషమే. పులుసును చిక్కబరచుటకు చేర్చు వస్తువు రుచికి తోడ్పడుచున్నదా, లేక పలుచదనమును కప్పిపుచ్చుచున్నదా యను ప్రశ్నతో ఐరోపావారి రొట్టె పులుసులను పరిశీలింతము.

ఇంగ్లండు రాజగు రెండవ రిచర్డు వంటవారు సుమారు 1390లో కూర్చిన ‘ఫార్మ్ ఆఫ్ క్యూరీ’ యను పాకగ్రంథమున ‘కామెలిన్’ అను వ్యంజనము కలదు. ఎండుద్రాక్ష, గింజపప్పులు, రొట్టె పైపెచ్చులు, అల్లపుపొడి, లవంగము, దాల్చినచెక్క కలిపి నూరి సిర్కాతో జారుగా చేయుదురు. రొట్టె ముందే కాలినది గనుక పచ్చిపిండి వాసన యుండదు; పొయ్యిమీద మరగకయే ద్రవమును పీల్చి చిక్కబరచును. స్పెయిన్‌లోని కొర్దోబావారి సాల్మొరేహో ఇందుకు చక్కని నిదర్శనము. టొమాటో, నిన్నటి రొట్టె, వెల్లుల్లి, ఆలివునూనె కలిపి మెత్తగా నూరి చల్లగానే వడ్డింతురు. అందు రొట్టెను తొలగించినచో రుచియే మారిపోవును. ఇది గుణము.

ఆంగ్లేయుల రొట్టె సాసును మాత్రము మేము సంశయించియే మెచ్చుకొందుము. పాలలో ఉల్లియు లవంగమును చాలసేపు ఊరినగాని అది వ్యంజనము కాదు. కురుపునకు వేయు రొట్టెకట్టు మాత్రమే. 1651లో ఫ్రాన్సున లా వరెన్ ప్రకటించిన పాకగ్రంథమున పిండిని కొవ్వులో వేయించి చిక్కబరచు పద్ధతి కనిపించును. అటుపిమ్మట గొప్పవారి వంటశాలలలో రొట్టె క్రమముగా వెనుకబడెను. నునుపు హెచ్చెను, రొట్టె యిచ్చు కమ్మదనము తగ్గెను.

మనకు రొట్టె పరాయిదైనను ఈ సమస్య పరాయిది కాదు. పులుసులో బియ్యపుపిండి, మజ్జిగపులుసులో శనగపిండి మన యిండ్ల వాడుక. తమిళుల మోర్‌కుళంబునకును, కన్నడిగుల మజ్జిగెహుళికిని నానిన పప్పు నూరి కలుపుదురు. తరతరములుగా వారి నడుమ నివసించు మన కుటుంబములలో ఆ పద్ధతి ప్రవేశించినచో నది దోషము కాదు. పప్పునకు తనదైన రుచి కలదు. దోషమెల్ల తొందరలో కార్న్‌ఫ్లోర్ కలిపి, చింతపండు రసము మరగకమునుపే దించుటలో నున్నది. ఆ చిక్కదనము కంటికే గాని నాలుకకు కాదు.

పిండి యెంత కలుపవలెను, ఎప్పుడు కలుపవలెను, పచ్చివాసన యెట్లు పోవును – ఇవి మన యింటి పెద్దల చేతిలోనున్న విద్య. పులుసు అను మాట యింట నిలువవలెనన్న ఆ విద్య పిల్లలకు అలవడవలెను. మన భాషకు బడి లేని యూళ్లలో వంటిల్లే బడి.