ఓడిన జట్టు బెంచీ మీద

ఆటల సినిమా అంటే నన్ను బతిమాలి కూర్చోబెట్టాలి. అలాంటిది 1986లో వచ్చిన ‘హూజియర్స్’ అనే అమెరికన్ సినిమాని మూడుసార్లు చూశాను. మొదటిసారి ఏడ్చాను. రెండోసారీ ఏడ్చాను. మూడోసారే అనుమానం వచ్చింది.

ఇండియానా రాష్ట్రంలో హికరీ అనే పల్లెటూరు. బాస్కెట్‌బాల్ జట్టుకి పిల్లలు దొరకడమే గగనం. గతంలో తప్పు చేసి వచ్చిన కోచ్‌గా జీన్ హాక్‌మన్, ఆటగాళ్ళలో ఒకడి తాగుబోతు తండ్రిగా డెనిస్ హాపర్. వీళ్ళ చేతుల్లో పడ్డ ఆ కుర్రాళ్ళు 1952లో రాష్ట్రం మొత్తానికి గెలుస్తారు. హాపర్ తాగి ఆట మధ్యలోకి తూలుతూ వచ్చినప్పుడు ఆ కొడుకు మొహం చూడండి, టిక్కెట్టు డబ్బులు గిట్టినట్టే! ఊళ్ళో ఆ ఆటపిచ్చిని ఎదిరించిన టీచరమ్మని చివరికి కోచ్‌ని ప్రేమించడానికి వాడేసుకున్నారు. అది వేరే గొడవ.

హికరీలో నల్లజాతివాళ్ళు లేరేమని నేనడగను. ఆ రోజుల్లో అక్కడి పల్లెలు చాలావరకు తెల్లవాళ్ళవే. లేనివాణ్ణి తెచ్చి వరసలో నిలబెడితే అది న్యాయం కాదు, అలంకారం. నా పేచీ అంతా ఆఖరి ఆటతోనే.

ఈ కథకి మూలం మిలాన్ అనే చిన్న ఊరు. 161 మంది పిల్లలున్న ఆ ఊరి బడి 1954 ఫైనల్లో మన్సీ సెంట్రల్‌ని 32-30తో ఓడించింది. సినిమాలో మన్సీ బదులు సౌత్ బెండ్ సెంట్రల్‌ని పెట్టారు. పేరు మార్చడం తప్పంటే ముందు నా నవలలు తగలెయ్యాలి. కాని మార్చి ఏం పెట్టామన్నది ఒకటుంటుంది కదా! ఆ జట్టులో కంటికి ఆనేది నల్లజాతి కుర్రాళ్ళు, కోచ్ కూడా నల్లజాతివాడే. వాళ్ళకి ఇల్లు లేదు, తాగొచ్చే తండ్రైనా లేడు. మనవాళ్ళు ఎక్కాల్సిన కొండ, అంతే.

ఆ కోచ్ వేషం వేసిన ఆయన నటుడు కాదు, రే క్రో. ఇండియానాపొలిస్‌లో నల్లజాతి పిల్లలకని విడిగా కట్టిన క్రిస్పస్ అటక్స్ హైస్కూలుకి నిజం కోచ్. 1927లో తెరిచిన ఆ బడిని 1942 దాకా రాష్ట్ర పోటీల్లోకి రానివ్వలేదు. 1954లో మిలాన్ చేతిలో వాళ్ళూ ఓడారు. 1955లో ఆస్కార్ రాబర్ట్‌సన్ ముందుండి ఆడగా రాష్ట్ర ఛాంపియన్లయ్యారు. 1956లో ఒక్క ఆటా ఓడకుండా మళ్ళీ! సినిమాలో ఆఖరి ఆట తీసిన బట్లర్ ఫీల్డ్‌హౌస్‌లోనే గెలిచారు కూడా. మిలాన్ పిల్లలు ఇంటికెళ్తూంటే దారి పొడుగునా జనం. అటక్స్ పిల్లల్ని మాత్రం సొంత ఊరి నడిబొడ్డున ఒక చుట్టు తిప్పి, నల్లజాతివాళ్ళ పేటలోని పార్కుకి పంపించేశారు.

మరి ఇందులో చిన్నవాళ్ళెవరు, పెద్దవాళ్ళెవరు? ఆ గెలుపు తెచ్చిన మనిషినే పిలిచి ఓడిన బెంచీ మీద కూర్చోబెట్టారు. దర్శకుడు డేవిడ్ ఆన్‌స్పా, రచయిత ఏంజెలో పిజ్జో ఆయన్ని గౌరవంతోనే పిలిచి ఉంటారు, ఆయనా సంతోషంగానే వచ్చి ఉండొచ్చు. ఈ సినిమాలో ద్వేషమన్నది లేదు. ఉంటే పోట్లాడి లేచిపోయేదాన్ని. మంచిమనసుతో తీశారు కాబట్టే రెండుసార్లు ఏమీ తోచక చప్పట్లు కొట్టాను.

మొన్న నాలుగోసారి చూశాను. ఆఖరి బంతి వేళకి హికరీ కుర్రాణ్ణి వదిలేసి, అవతలి బెంచీ మీద ఆయన కోసం వెతుక్కున్నాను. ఏడుపు అప్పుడూ వచ్చింది.