గహనం, గభీరం: నాసదీయం నుంచి పెంజీకటి దాకా

సృష్టికి ముందు ఏముండేదన్న ప్రసక్తి వచ్చినప్పుడల్లా మన సభల్లోనూ ప్రసంగాల్లోనూ నాసదీయ సూక్తం పేరు వినిపించడం పరిపాటి. ఋగ్వేదం పదవ మండలంలో 129వ సూక్తం అది. త్రిష్టుప్ ఛందస్సులో ఏడే ఏడు ఋక్కులు. 1988లో దూరదర్శన్‌లో మొదలైన శ్యామ్ బెనెగళ్ ధారావాహిక ‘భారత్ ఏక్ ఖోజ్’ ప్రారంభగీతంగా, హిందీ అనువాదంతో సహా, వేదపాఠంతో పరిచయం లేని ఇళ్ళలోకి కూడా అది ప్రవేశించింది. అప్పటి నుంచి దానికి కొత్త వ్యాఖ్యాతలు పుట్టుకొచ్చారు. మహావిస్ఫోటాన్ని ఋషులు ముందే దర్శించారనీ, పాశ్చాత్యులు ఇరవయ్యవ శతాబ్దంలో కనుక్కున్నది ఈ ఏడు ఋక్కుల్లోనే ఉందనీ వీరి వాదం. విదేశాల్లో పిల్లలకు మన వారసత్వం గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలన్న ఆరాటంలో ఈ వాదం మరింత బలపడింది. ఉద్దేశం మంచిదే. కాని దీనివల్ల నష్టపోయేది సూక్తమే. ప్రశ్నగా పుట్టిన కవిత జవాబుగా చదవబడుతోంది.

ముందు విజ్ఞానశాస్త్రం వైపు లెక్క తేల్చుకోవాలి. విశ్వం విస్తరిస్తున్నదని 1927లో ప్రతిపాదించిన జార్జ్ లమేత్ర్, 1931లో ఆదిమ అణువు అనే ఊహను ముందుకు తెచ్చాడు. ‘బిగ్ బ్యాంగ్’ అన్న పేరు 1949లో ఒక బీబీసీ రేడియో ప్రసంగంలో ఫ్రెడ్ హాయిల్ పెట్టినది. ఆయన ఆ సిద్ధాంతాన్ని చివరి దాకా ఒప్పుకోలేదు. 1965లో పెంజియాస్, విల్సన్ ప్రకటించిన సూక్ష్మతరంగ వికిరణం ఆ సిద్ధాంతానికి గట్టి ఆధారమయింది. ఆ వికిరణం విశ్వం వయస్సు సుమారు 3,80,000 సంవత్సరాలున్నప్పటిది. ఇప్పటి లెక్క ప్రకారం ఆ వయస్సు దాదాపు 1380 కోట్ల సంవత్సరాలు. అయితే ఈ సిద్ధాంతం చెప్పేది, విశ్వం ఒకప్పుడు అత్యంత వేడిగా, సాంద్రంగా ఉండి విస్తరిస్తూ వచ్చిందని మాత్రమే. శూన్యంలో ఏదో పేలిందని కాదు. మరీ వెనక్కి వెళితే సమీకరణాలే చేతులెత్తేస్తాయి. ఆ హద్దు దగ్గర 1983లో హార్టిల్, హాకింగ్ ఒక దారి సూచించారు: కాలానికి అంచు లేకపోతే ‘ముందు’ అన్న మాటకే అర్థం లేదు, దక్షిణ ధ్రువానికి దక్షిణాన ఏముందని అడిగినట్లే. రోజర్ పెన్రోజ్ మరొక దారి పట్టాడు. మన విశ్వానికి ముందు వేరొక మహాయుగం ఉందన్నాడు. ఈ వాదం ఇంకా తెగలేదు. తెగని వాదానికి వేదం సాక్ష్యం పలికిందనడంలో వేదానికి గౌరవమూ లేదు, శాస్త్రానికి ప్రయోజనమూ లేదు.

ఇలాంటి ఉత్సాహం మనవాళ్ళ సొత్తేమీ కాదు. 1951లో పోప్ పన్నెండవ పయస్, కొత్త విశ్వశాస్త్రం బైబిలు సృష్టికథకు బలమిస్తున్నదన్న ధోరణిలో ప్రసంగించాడు. దానికి నొచ్చుకున్నవారిలో మొదట చెప్పుకోవలసినవాడు లమేత్రే. స్వయంగా కాథలిక్ మతాచార్యుడయి ఉండి కూడా, తన భౌతికశాస్త్రాన్ని తన విశ్వాసానికి పూచీగా వాడుకోవడం ఆయనకు నచ్చలేదు.

ఇక సూక్తం. మొదటి ఋక్కు అప్పుడు అసత్తూ లేదు, సత్తూ లేదు అంటూ మొదలవుతుంది. ఈ మాటను తెలుగు చేయబోయినవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. సంస్కృతంలో అసత్తు అంటే సత్తుకు ముందు ఒక నిషేధం చేర్చడమే. తెలుగులో లేకపోవడానికి ప్రత్యేకంగా ఒక క్రియ ఉంది. ‘లేనిది లేదు’ అని అనువదిస్తే మనకు వినిపించే అర్థం, అన్నీ ఉన్నాయని. సంతలో లేనిది లేదు, ఆ ఇంట్లో లేనిది లేదు అని కదా వాడుక! ఏమీ లేని స్థితిని చెప్పబోయి సర్వసమృద్ధిని చెప్పినట్టవుతుంది. అందుకే అనువాదకులు సత్తు, అసత్తు అన్న సంస్కృత పదాలనే ఆశ్రయిస్తారు. ఆ పదాలతో పాటే, తరువాతి వేదాంతం వాటికి చుట్టిన అర్థాలన్నీ చడీచప్పుడు లేకుండా లోపలికి వచ్చేస్తాయి.

సూక్తం నడక గమనించదగినది. అప్పుడు నీళ్ళుండేవా, గహనమూ గభీరమూ అయిన నీళ్ళు? అని మొదటి ఋక్కు అడుగుతుంది. మూడవ ఋక్కు చీకటిని చీకటి కప్పి ఉన్నదనీ, అంతా గుర్తుపట్టరాని జలమనీ చెబుతుంది. తపస్సు వల్ల ఒకటి పుట్టిందంటుంది. (తపస్సంటే వేడి కూడా కనుక ఇదే మహావిస్ఫోటమని వాదించేవారున్నారు. ఆ లెక్కన పొదిగే కోడిపెట్ట కూడా భౌతికశాస్త్రవేత్తే.) నాలుగవ ఋక్కులో మనసుకు తొలి బీజంగా కామం వస్తుంది. ఇక జవాబు దొరికిందనుకునే వేళకు ఆరవ ఋక్కు అన్నిటినీ వెనక్కి తీసేసుకుంటుంది. ఎవరికి తెలుసు, ఎవరు చెప్పగలరు? దేవతలు కూడా ఈ సృష్టికి తరువాతివాళ్ళే కదా! ఏడవ ఋక్కులో పరమాకాశంలో ఉన్న అధ్యక్షుడొకడు కనిపిస్తాడు. అతనికి తెలుసు. లేదా, అతనికీ తెలియదేమో. సూక్తం అక్కడ ఆగిపోతుంది.

రెండవ ఋక్కులో గాలి లేకుండానే ఊపిరి తీసిన ‘ఏకం’ నపుంసకలింగం. తెలుగులో చెప్పాలంటే ‘అది’. చివరి ఋక్కులోని అధ్యక్షుడు పుంలింగం, ‘అతడు’. ‘అది’ విషయంలో కవికి తటపటాయింపు లేదు. సందేహమంతా ‘అతడు’ వచ్చాకనే. ఆ ఋక్కులోనే రెండవ పాదానికి పదకొండు అక్షరాలుండవలసింది, తొమ్మిదే ఉన్నాయి. అతడు దీన్ని నిలిపాడో, లేక... అని నిషేధం దగ్గరే పాదం తెగిపోతుంది. రావలసిన క్రియ రాదు. 1999లో ఈ సూక్తంపై విపులమైన వ్యాసం రాసిన జోయెల్ బ్రెరటన్ దీన్ని పొరపాటుగా చూడలేదు. వినేవాడి ఆలోచన ఆగకుండా ఉండడానికే కవి జవాబును బిగపట్టాడని ఆయన ప్రతిపాదన. సూక్తాన్ని కవిత్వంగా చదివినవారికి ఇది ఒప్పుకోదగ్గ మాటే.

సంప్రదాయానికి మాత్రం ఆ ఖాళీ నచ్చలేదు. పదవ మండలంలోనే 121వ సూక్తం ప్రతి ఋక్కు చివరా ఏ దేవునికి హవిస్సునర్పిద్దాం అని అడుగుతూ సాగుతుంది. దానికి పదవ ఋక్కుగా ఆ దేవుడు ప్రజాపతి అన్న జవాబు చేరింది. ఆ ఒక్క ఋక్కుకే పదపాఠం లేదు. అంతటితో ఆగక, ‘ఎవరు’ అన్న అర్థమిచ్చే ‘క’ అన్న సర్వనామమే బ్రాహ్మణగ్రంథాల్లో ప్రజాపతి పేరయి కూర్చుంది. ప్రశ్నార్థకానికి గుడి కట్టడమంటే ఇదే.

నాసదీయానికి పట్టిన గతి తెలుగువారికి మరీ దగ్గరి విషయం. తెలుగుదేశపు వైదిక కుటుంబాల్లో అత్యధికులు కృష్ణయజుర్వేదంలోని తైత్తిరీయ శాఖ వారు. ఆ శాఖలో ఈ సూక్తం తైత్తిరీయ బ్రాహ్మణం రెండవ అష్టకంలో ఎనిమిదవ ప్రపాఠకం, తొమ్మిదవ అనువాకంలో వస్తుంది. అక్కడ అది ఒంటరిగా లేదు. దాని వెంట ఋగ్వేదంలో వేరే చోటున్న విశ్వకర్మ సూక్తపు ప్రశ్న ఒకటి చేరింది: ద్యావాపృథివులను చెక్కడానికి వాడిన అడవి ఏది, ఆ చెట్టు ఏది? ఋగ్వేదంలో అది మనీషులను అడిగి తెలుసుకోమన్న ప్రశ్న. బ్రాహ్మణంలో వెంటనే జవాబుంది: బ్రహ్మమే ఆ అడవి, బ్రహ్మమే ఆ చెట్టు, మనీషులారా, నేను మీకు చెబుతున్నాను అని. అడగమన్న చోట చెప్పడం మొదలయింది. అంటే మన తాతముత్తాతలు ఈ సూక్తాన్ని విన్నది జవాబుతో సహానే. పద్నాలుగవ శతాబ్దంలో విజయనగర ప్రభువుల ఆశ్రయంలో భాష్యం రాసిన సాయణుడు మొదటి ఋక్కులోని స్థితిని సదసత్తులకు వేరయిన అనిర్వాచ్యంగా వివరించాడు. చివరి పాదాన్ని ఈశ్వరుని సర్వజ్ఞతకు భంగం రాకుండా అన్వయించాడు. ఆయన దృష్టిలో అది భాష్యకారుడి ధర్మం. ఇవాళ మహావిస్ఫోటాన్ని చూపేవారు చేస్తున్నదీ ఆ పనే, సాయణుడి పాండిత్యం లేకుండా.

అయితే నాసదీయం ప్రయాణం అక్కడితో అయిపోలేదు. సంస్కృత భాగవతం అష్టమ స్కంధం మూడవ అధ్యాయంలో మొసలి నోట చిక్కిన గజేంద్రుడు స్తుతి చేస్తాడు. లోకాలూ లోకపాలకులూ కాలవశాన నశించిపోయినప్పటి చీకటిని వర్ణించడానికి అక్కడి కవి వాడిన విశేషణాలు రెండు: గహనం, గభీరం. నాసదీయం మొదటి ఋక్కులో నీళ్ళకు వాడిన జంట అదే. అదే వరుస కూడా. యాదృచ్ఛికమనుకోవడం కష్టం. కాని వేదంలో ఆ రెండు మాటలూ ప్రశ్నార్థకం లోపల ఉన్నాయి. భాగవతంలో ప్రశ్న లేదు. చీకటి ఉన్నది, దాని ఆవలి ఒడ్డున విభుడు ప్రకాశిస్తున్నాడు. మరొక మార్పు కూడా జరిగింది. సూక్తంలోని చీకటి మొదట్లోది. ఇక్కడిది ప్రళయాంతంలోది. సృష్టి, లయ చక్రంలా తిరుగుతాయని నమ్మిన పురాణకాలానికి ముందు, తరువాత అన్న తేడా పెద్దది కాదు. ‘ముందేముంది’ అన్న ప్రశ్న పదును అక్కడే సగం పోయింది.

పదిహేనవ శతాబ్దంలో పోతన ఈ శ్లోకాన్ని కంద పద్యంలోకి తెచ్చాడు. కంఠస్థం లేని తెలుగువాడు అరుదు కనుక పద్యాన్ని ఇక్కడ ఉదహరించనక్కరలేదు. సంస్కృతంలోని రెండు విశేషణాలనూ ఆయన వదిలేశాడు. వాటి బరువంతా ఒక్క తెలుగు మాట మోస్తుంది: పెంజీకటి. దానికి ముందు ‘అలోకం’ అన్న మాట నిలిపాడు. లోకమనే శబ్దాన్ని మూడుసార్లు మోగించి, ఆ లోకాలన్నీ తెగాక మిగిలినదాన్ని అలోకమనడంలో లోకం లేనిదనీ, వెలుగు లేనిదనీ రెండర్థాలూ పలుకుతాయి. పెంజీకటి కవతల వెలిగేవాణ్ణి ‘ఎవ్వండు’ అన్నాడు. ‘ఎయ్యది’ అనలేదు. వేదంలోని ‘అది’ ఇక్కడ పూర్తిగా మహద్వాచకమయింది. ఆ ‘ఎవ్వండు’ ప్రశ్న కూడా కాదు, ‘అతని’కి ఆనుకున్న సంబంధార్థకం.

ఇంతవరకు పోతన తన మూలానికి విధేయుడే. సంస్కృత మూలంలో కనిపించని పద్యం కొద్ది దూరంలోనే వస్తుంది. దీనుల పక్షాన ఉన్నాడంటారు, యోగుల దగ్గర ఉన్నాడంటారు, అన్ని దిక్కులా ఉన్నాడంటారు, ఉన్నాడు ఉన్నాడనేవాడు ఉన్నాడో లేడో అని ఏనుగు సందేహపడుతుంది. భక్తకవిగా పేరుపడ్డవాడు మూలంలో లేని సందేహాన్ని తన చేత్తో తెచ్చి పెట్టడం చిన్న విషయం కాదు. ‘అందురు’ అన్న మాటను మళ్ళీ మళ్ళీ వాడి, అందరికీ తెలిసినదల్లా విన్న మాటేనని తేల్చాడు. ఎవరు చెప్పగలరన్న ఆరవ ఋక్కు నిలదీతకు ఇది దూరపు చుట్టం. ఇక్కడ తెలుగు భాష కూడా పోతనకు సాయపడింది. ఉనికికీ లేమికీ విడివిడిగా క్రియలుండడం వల్ల ఆ రెండు మాటలూ పక్కపక్కన నిలబడి ఒకదాన్నొకటి చూసుకుంటాయి. అనువాదకులను ఇబ్బంది పెట్టిన లక్షణమే కవికి అక్కరకొచ్చింది.

పోతన నాసదీయాన్ని తలచుకునే ఈ పద్యం రాశాడనడం సాహసమవుతుంది. రెండు సందేహాల స్వభావమే వేరు. వేదకవి తీరిగ్గా కూర్చుని అడుగుతున్నాడు. జవాబు రాకపోతే అతనికి వచ్చే ప్రాణాపాయం లేదు. అతని అనుమానం అధ్యక్షుడి జ్ఞానం మీద. గజేంద్రుడి కాలు మొసలి నోట్లో ఉంది. దాని అనుమానం రక్షకుడి ఉనికి మీద, అంతకంటె ఎక్కువగా దయ మీద. విశ్వం ఎలా మొదలయిందన్నది ఆ క్షణాన దానికి అక్కరలేదు. సృష్టికి ముందటి చీకటిని గురించిన మాటలు, ప్రాణం పోబోయే ముందు నోటికొచ్చే మాటలయ్యాయి. తెలుగులో ఆ ప్రశ్న బతికింది తత్త్వగ్రంథాల్లో కాక ఈ ఘట్టంలో కావడానికి కారణం బహుశా ఇదే. అమెరికాలో పుట్టిన పిల్లలకు సృష్టి గురించి మన కవులు ఏమన్నారో చెప్పదలచినవారు మహావిస్ఫోటం జోలికి పోకుండా ఈ రెండు పద్యాలనూ పక్కపక్కన పెట్టి చూపవచ్చు; పిల్లలే అడగవలసినవి అడుగుతారు.

ఆ మొర విన్న దేవతల సంగతి ఒకటి మిగిలింది. సంస్కృత భాగవతంలో బ్రహ్మాదులు తమ తమ వేరువేరు రూపాల అభిమానం వల్ల రాలేదని ఉంది. పోతన ఇంకొంచెం సూటిగా చెప్పాడు. వాళ్ళకు విశ్వమయత లేదు. అందుకే విన్నారు, విని కూడా ఊరుకున్నారు. సృష్టికి తరువాత పుట్టినవారని ఆరవ ఋక్కు పక్కకు తప్పించిన దేవతలు వీళ్ళే.