వాన్ గో రెల్లుకలపుఁ జిత్రములు: సంకేతార్థవిచారము

చిత్రములందలి సంకేతార్థములను వివరించువారిలోఁ బెక్కండ్రు నిఘంటువును ముందుంచుకొని పద్యమునకు టీక వ్రాయువారివలె నడచుచున్నారు. సైప్రస్ వృక్షము కనఁబడినచో మృత్యువనియు, విత్తువాఁడు కనఁబడినచో జీవమనియు, సూర్యబింబము కనఁబడినచో దైవమనియు నర్థము చెప్పి తృప్తి నొందుదురు. వర్ణచిత్రములపట్ల నీ పద్ధతి కొంతవఱకుఁ జెల్లునేమో. కలముతో సిరాతో గీచిన చిత్రములకు నిది చాలదు. వానిలో వస్తువుకంటె ముందు గీఁతయే మాటాడును. హాలెండుదేశీయుఁడగు విన్సెంట్ వాన్ గో (1853–1890) ఫ్రాన్సు దక్షిణభాగమునందలి ఆర్ల్ పట్టణమున 1888వ సంవత్సరమున గీచిన చిత్రములను దృష్టాంతముగాఁ గొని యీ విషయమును విచారించెదను.

మొదట సాధనమును గూర్చి చెప్పవలసియున్నది. ఆర్ల్ పరిసరములఁ బెరుగు రెల్లును బాతు ఈఁకవలెఁ జెక్కి యతఁడు కలముగా వాడెను. హాలెండులో నున్నప్పుడే యీ పద్ధతిని బ్రయత్నించితి ననియు, అచట నింత మంచి రెల్లు దొరకలేదనియు నతఁడు తమ్మునికి వ్రాసియున్నాఁడు. మనము వాడు 'కలము' అను మాట అరబ్బీభాషనుండి వచ్చినది. దాని మూలమగు గ్రీకుశబ్దమునకు రెల్లనియే యర్థము. ఈ కలము సిరాను జిరకాలము నిలుపుకొనఁజాలదు. ముంచినతోడనే గీచిన గీఁత నల్లగా బలముగా నుండి, కొలఁది దూరములోనే పలుచనై యెండిపోవును. కావున దీర్ఘరేఖ కిందు సౌకర్యము తక్కువ. చుక్క, పొట్టిగీఁత, కొక్కెము, చిన్నవంపు: ఇవియే యిందలి వర్ణసమామ్నాయము. పెన్సిలుతో ముందుగా స్థూలరూపము నేర్పఱచుకొని, పిదప నతఁడు సిరాతో నీ వర్ణములను గూర్చును.

వర్ణము తనంతఁ దా నర్థవంతము కాదనియు, వాక్యమున నఖండముగా స్ఫురించునదియే యర్థమనియు వాక్యపదీయకారుఁడగు భర్తృహరి మతము. ఆ న్యాయమే యిచటను జెల్లుచున్నది. ఆర్ల్ సమీపమున మోంమజూర్ అను పాడువడిన మఠము గల గుట్ట యొకటి కలదు. దానిపైనుండి క్రో అను మైదానమును జూచుటకై తాను 50 మాఱులైనఁ బోయితినని వాన్ గో వ్రాసినాఁడు. మిస్ట్రాల్ అను పెనుగాలియు దోమలును బాధించుచుండఁగా 1888 జూలైలో నచటఁ బెద్ద చిత్రములు కొన్ని గీచెను. వానిలో మైదానమును జూపునవి రెండు: ఒకటి ఆమ్‌స్టర్‌డామ్ నగరమున వాన్ గో మ్యూజియమునందును, రెండవది లండనులో బ్రిటిషు మ్యూజియమునందును గలవు. మొదటిదానిని జూడుఁడు. ముందుభాగమున గీఁతలు పెద్దవై యుండును. దూరము పోయినకొలఁదిఁ జిన్నవై, కడకుఁ జుక్కలై, దిగంతమువద్ద నణఁగును. ఆకాశమో, వట్టి కాగితమే. సంకేతమని వేలు చూపఁదగిన వస్తు వొక్కటియు లేదు. పొలములు, కంచెలు, కుప్పలు, ఇండ్లు మాత్రమే. ఐనను మన చూపు నిలువక సాగిపోవుచునే యుండును. ఈ మైదానము సముద్రమువలె ననంతమని వాన్ గో యనఁగా, సముద్ర మెఱిఁగిన సైనికుఁ డొకఁడు, ఇది యనంతమయ్యు మనుష్యు లుండు తావని తెలియుచున్నది గావున సముద్రముకంటెను మేలని బదులు చెప్పెనఁట. ఆలంకారికుల పరిభాషలోఁ బొలము వాచ్యము, అనంతత వ్యంగ్యము. ఆ వ్యంగ్యమును గలిగించినది క్రమముగాఁ జిన్నవగుచుఁ బోయిన గీఁతల కూర్పే గాని వేఱొక గుఱుతు కాదు.

వ్యాఖ్యానమునకుఁ బూర్వము పాఠనిర్ణయము చేయవలయునని మన పరిశోధకులకుఁ జెప్పఁబనిలేదు. ఈ చిత్రములకును నా నియమము వర్తించును. ఆ సిరా యనేకచిత్రములలోఁ గాలక్రమమున వివర్ణమై గోధుమవన్నెకు మాఱినది. ఆ వన్నెను జూచి, యెండకుఁ గాఁగిన నేలకు సంకేతమని మెచ్చుకొనుట లేఖకదోషమును గవిహృదయమని వ్యాఖ్యానించుట వంటిది. మఱియు నదే యేఁట జూలై ఆగస్టు మాసములలో నతఁడు తన వర్ణచిత్రములకే కలపుఁబ్రతులు గీచి, చిత్రకారులగు ఎమీల్ బెర్నార్‌కు 15, జాన్ రస్సెల్‌కు 12, తమ్ముఁడు తెయోకు 5 పంపెను. సెంత్‌మరీ సముద్రమునందలి పడవల చిత్రము మువ్వురకును బోయినది. వస్తు వొక్కటే, తరంగముల వంపు, చుక్కల కూర్పు మూఁటను భిన్నములు. సంకేతము వస్తువునందే యున్నచో నీ మూఁడు పాఠములు నేకార్థకములు కావలయును. చూచువారికి నట్లు తోఁపదు.

గీఁతల యీ చలనము చిత్రకారుని మనోవ్యాధికి గుఱుతని కొందఱందురు. అది కాలవిరుద్ధము. మోంమజూరు చిత్రములు జూలైనాఁటివి. అతని వ్యాధి తొలిసారి తీవ్రముగాఁ బ్రకోపించినది ఆ యేఁటి డిసెంబరున. అదిగాక, దూరమునుబట్టి గీఁతగీఁతకుఁ బరిమాణము నిర్ణయించుట నిగ్రహముగలవాని పని.

ఇఁక సైప్రస్ వృక్షము. 1889 మేలో సెంరెమీ చికిత్సాలయమునఁ జేరిన పిదప, జూన్‌లో నతఁడీ చెట్టును గలముతో గీచెను. ఆ చిత్రములలో నొకటి న్యూయార్కు నగరమున బ్రూక్లిన్ మ్యూజియమునఁ గలదు. మధ్యధరాతీరమున నీ చెట్టును శ్మశానములందు నాటుదురు గావున మృత్యువను నర్థము రూఢి. దానిఁ గాదనను. కాని వాన్ గో తన యుత్తరములో నా చెట్టు నీజిప్టు శిలాస్తంభముతోఁ బోల్చి దాని రేఖాసౌష్ఠవమును మెచ్చుకొనెను. ఎండలో మునిఁగిన భూమిపై నది నల్లని మచ్చవలె నుండుటను గుఱుతించెను. చిత్రమునందు గీఁతలు జ్వాలలవలె మెలికలు దిరిగి పైకెగయుచున్నవి. పంకజశబ్దమున యోగమును రూఢియుఁ గలసి యర్థమిచ్చునట్లు, ఇచట నాచారసిద్ధమగు మృత్యువును, గీఁతవలనఁ బుట్టిన ప్రాణస్పందమును గలసియే యర్థమగుచున్నవి. రూఢినిమాత్రము గ్రహించినవాఁడు చిత్రమున సగమును విడిచినవాఁడే.

కావునఁ గలపుఁజిత్రమును విమర్శింపఁబూనువారు కలమెట్టిది, గీఁత యెట్టిది, పాఠ మేది యని ముందుగా విచారించి, పిమ్మట సంకేతమును జెప్పుట యుక్తము. ప్రతిపదార్థ మెఱుఁగక తాత్పర్యము చెప్పు టీకాకారుని బడిపిల్లలును నమ్మరు. చిత్రవ్యాఖ్యాతకు మాత్ర మట్టి సెలవేల యీయవలయును?