జానపద చిత్రాల కత్తియుద్ధం: పాతబస్తీ తల్వారు వెలుగులో ఒక పరిశీలన

పాతబస్తీ దివాన్ దేవిడీలో సాలార్‌జంగ్ మ్యూజియం ప్రారంభమైనదీ, ‘పాతాళభైరవి’ విడుదలైనదీ 1951లోనే. మ్యూజియంలోని తల్వారు వంపు తిరిగిన ఆయుధం. పిడి చివరి గుండ్రని బిళ్ళ మణికట్టును స్వేచ్ఛగా తిరగనివ్వదు. పొడవడం కన్నా భుజబలంతో నరకడానికే అది అనువైనది. కాంతారావును ‘కత్తి కాంతారావు’గా నిలిపిన జానపద చిత్రాల పోరాటాలలో మాత్రం మణికట్టు విలాసమే ప్రధానం. కత్తికి కత్తి తగులుతుంది, మెట్లెక్కుతూ దిగుతూ సవాళ్ళు సాగుతాయి. ఈ ధోరణి దక్కనుది కాదు; హాలీవుడ్ సాహసచిత్రాలలో కనిపించే ఐరోపా ఖడ్గవిద్యకే దగ్గర.

దీనిని చారిత్రక దోషంగా తీసిపారేయడం తొందరపాటు. తల్వారు వేటు సరిగా పడితే పోరు అక్కడితో ముగుస్తుంది. కథకు కావలసింది జాప్యం. ఆ జాప్యంలోనే నాయక ప్రతినాయకుల స్వభావాలు బయటపడతాయి.

‘మగధీర’ (2009)లో కాలభైరవుడు వందమందిని ఎదిరించే ఘట్టం నిడివిని మరో విధంగా సాధించింది. అక్కడ జాప్యానికి ఆధారం సంఖ్య. దృశ్యవైభవం నిస్సందేహంగా పెరిగింది, పరస్పర సంవాదం తగ్గింది. కాంతారావు కత్తికి ఎదురు నిలిచిన రాజనాలకు ఒక ముఖమూ ఒక కంఠమూ ఉండేవి. కాలభైరవుడి చేతిలో కూలిన ఆ వందమందికి అవి లేవు.